‘పాన్ ఔట్’ : ఒక పలుకుబడి, ఒక ధర్మసందేహము

ఆంగ్లభాషలో ‘పాన్ ఔట్’ అను పలుకుబడి యొకటి కలదు. తలపెట్టిన పని ఫలించినదనుటకును, లేదా ఏదో యొక విధముగా పరిణమించినదనుటకును దానిని వాడుదురు. ఫలింపనిచో ‘పాన్ ఔట్ కాలేదు’ అందురు. మారికుప్పములో తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరునకు పనికి పోవు మా యిండ్ల పిల్లలు, రాత్రి తిరిగి వచ్చి భోజనము చేయుచు ఈ మాటను తెలుగులో కలిపి పలుకుచుందురు. ఆ ఉద్యోగము పాన్ ఔట్ కాలేదు, ఈ సంబంధమైనను పాన్ ఔట్ అగునో కాదో, అని వారి ధోరణి. ఆ మాట ఎక్కడ పుట్టినదో వారికి అక్కరలేదు. కోలారు బంగారు గనుల నీడలో మూడు నాలుగు తరములుగా కాపురములు చేయుచున్న మనకు అక్కర యుండవలెను. ఏలయనగా అది బంగారము కడుగువారి మాట.

మేము మెట్రిక్యులేషను వరకు మాత్రమే చదివినవారము. భాషాశాస్త్రము మా విద్య కాదు. అయినను ముప్పది యేండ్లకు పైగా గుమాస్తా పని చేసి, ఆంగ్లములో ఉత్తరములు వ్రాసియు, పై అధికారులు వ్రాసినవానికి నకళ్లు తీసియు, ఆ భాషలోని మాటలు కాగితముపై ఎట్లు బరువు మార్చుకొనునో కొంత గమనించితిమి. ఈ యొక్క మాట విషయమున మాకు చిరకాలముగా ఒక ధర్మసందేహము కలదు. దానిని పాఠకుల యెదుట పెట్టుటకే ఈ వ్యాసము.

పాన్ అనగా లోతు తక్కువగా, అంచులు వెడల్పుగా నుండు ఇనుప పళ్లెము. ఏటి ఇసుకను అందులో పోసి, నీట ముంచి, గుండ్రముగా త్రిప్పుచు మెల్లగా ప్రక్కకు వంచుచుండిన యెడల, తేలికయైన మన్ను నీటితో పొర్లిపోవును, బరువైనది అడుగున నిలుచును. బంగారము నీటికంటె పందొమ్మిది రెట్లకు మించిన బరువు. దానిని కడుపులో పెట్టుకొనియుండు తెల్లరాయి రెండున్నర రెట్లకు కొంచెము మించును. పళ్లెము పని యంతయు ఈ తేడా మీదనే ఆధారపడినది. 1839 నాటికే ఆంగ్లమున ‘పాన్’ అనునది ఈ కడుగుటకు క్రియగా వాడుకలోనికి వచ్చినది. 1848 జనవరిలో కాలిఫోర్నియాలో సట్టరు అను దొర రంపపు మిల్లు కాలువలో బంగారము కనబడినది. మరుసటి యేట దేశదేశముల జనము పళ్లెములు చేతబట్టి అక్కడకు పరుగెత్తిరి. ‘పాన్ ఔట్’ అను రూపము ఆ 1849 ప్రాంతముననే కనిపించుచున్నది. ఈ వాగు మట్టి బాగుగా పాన్ ఔట్ అగుచున్నది, ఆ గట్టు మట్టి కాదు, అని వారి మాట. మరి యిరువది యేండ్లు తిరుగకముందే, 1868 నాటికి, పళ్లెమును నీరును జారిపోయి, ఏ పని యొక్క ఫలితమునకైనను అది చెల్లుబడి యైనది.

మధ్యలో దానికి మరియొక అర్థము కూడ పుట్టినది. లింకను అధ్యక్షునికి కార్యదర్శిగా నుండి, తరువాత అమెరికా విదేశాంగ మంత్రియైన జాన్ హే అను నతడు పల్లెయాసలో కొన్ని పద్యములు వ్రాసి 1871లో సంపుటముగా ప్రకటించెను. అందొక పద్యములో ‘పాన్ ఔట్’ అనగా ఒక విషయమును గూర్చి సుదీర్ఘముగా ఉపన్యసించుట. ఈ యర్థము నేడు మూలబడినది. మన సంఘముల వార్షికోత్సవములలో కొందరి ఉపన్యాసములు వినునపుడు, దానిని పోగొట్టుకొనక యుండవలసినదని మాకు తోచుచుండును. సినిమావారు కెమెరాను ‘పాన్’ చేయుట వేరొక మాట. అది పనోరమా అను పదము నుండి వచ్చినది, దానికిని బంగారమునకును చుట్టరికము లేదు. ‘పీటర్ ఔట్’ అను మాట మాత్రము దీనికి తోబుట్టువు వంటిది. రాతిలోని బంగారు చారిక సన్నగిల్లి సన్నగిల్లి మాయమగుటకు అమెరికా గనివారు 1840ల నుండి ఆ మాట వాడిరి. ఆ పీటరు ఎవరో పండితులు ఇప్పటికిని తేల్చలేదు.

ఇక మన గడ్డమీది సంగతి. కాలిఫోర్నియాకు నలువదియైదేండ్లు ముందు, 1802లో, మైసూరు రాజ్యపు తూర్పు సరిహద్దును కొలుచుటకు వచ్చిన లెఫ్టినెంటు జాన్ వారెన్, ఈ ప్రాంతమున బంగారము దొరకునను వదంతి విని, ఊరిగాము మారికుప్పము గ్రామములవారిచేత మట్టి తవ్వించి కడిగించి చూచెను. గుంటలలోనికి దిగిన మగవారు రాళ్లను గంపలలో చేతి నుండి చేతికి అందించుటయు, ఆడవారు వానిని పెద్ద బండలమీద నూరి పిండి చేయుటయు, ఆ పిండిని బావి యొద్దకు కొనిపోయి కడుగుటయు ఆయన నివేదికలో వ్రాసియుంచెను. పళ్లెమనిన మీసముల దొరను తలచుకొనుట మనకు అలవాటైనది. కాని మన సీమలో ఆ కష్టములో సగము ఆడవారి చేతులది.

ఈ పనికి మనకును మాట లేకపోలేదు. కంసాలి కొట్టు ముందరి దుమ్ము నూడ్చి, నీట కడిగి, బంగారు రజనును వేరుచేయుటను ‘జలగడుగుట’ యందురు. దానికి దగ్గరి చుట్టమువలె కనిపించు ‘జలగార’ శబ్దము కన్నడమున వీధులు ఊడ్చువానికి చెల్లుచున్నది. కువెంపుగారి నాటక మొకదానికి ఆ పేరే. బంగారము వెదకిన చేతికే చీపురు మిగిలినట్లున్నది. తరువాత ఇంగ్లండు నైరుతి మూలనున్న కార్నువాలు నుండి గనిపనివారు ఇక్కడకు వచ్చిరి. వారి దేశమున తగరపు రాతిని పరీక్షించుటకు పళ్లెమునకు బదులు పారనే వాడుదురు. నూరిన రాతిని నీటితో పారమీద ఆడించి, ఏది నిలుచునో చూతురు. సాధనములు వేరైనను చేతిలోని ఒడుపు ఒక్కటే. మన యిండ్లలో స్త్రీలు చేటతో బియ్యము చెరుగునపుడును చూడవచ్చును.

పని ఒక్కటియే గాని, ఆ పని నుండి భాషలు తీసికొన్న ఉపమానములు ఒక్కటి కావు. మా సందేహమునకు మూల మిక్కడనే యున్నది.

ఫలితమును గూర్చి తెలుగువాడు పలుకు తీరు చూడుడు. లెక్క తేలినది అందుము. బేరము తేలలేదు అందుము. తుదకు తేలిన దేమనగా, అని తీర్పు చెప్పుదుము. నిజము నిగ్గు తేల్చుదుము. మేలిమిని పరీక్షించునపుడు వన్నె తేలినది అందుము. అంతయు తేలుటయే. నీటి అడుగున కనబడక యున్నది పైకి వచ్చి కంటబడుట మన దృష్టిలో ఫలితము. ఆంగ్లేయుని పళ్లెములో దీనికి సరిగా వ్యతిరేకము. అక్కడ తేలిన దెల్ల పొర్లిపోవలసినదే, మునిగినదియే బంగారము. ఏది సరియని అడుగరాదు. బంగారము బరువైనది గనుక వారి మాట సరి. శవమును సొరకాయయును తేలును గనుక మన మాటయు సరియే.

కాని ఫలితము రాని పట్ల రెండు భాషలకును గల తేడా పెద్దది. ‘తేలలేదు’ అనినపుడు, వస్తువు ఇంకను నీటిలోనే యున్నది, మనకు అగపడలేదు అని భావము. ఆ మాటకు ముందు ‘ఇంకను’ అని చేర్చుటకు ఎల్లప్పుడును చోటు కలదు. ‘పాన్ ఔట్ కాలేదు’ అనినపుడు పళ్లెము కడుగబడినది, అడుగున ఏమియు లేదు, ఉన్నదానిని ఏటిలో పారబోసితిమి, మరియొక పార మన్ను తెండు అని భావము. అక్కడ ‘ఇంకను’ అనుటకు చోటు మిక్కిలి తక్కువ.

మట్టిని గూర్చి అట్లు పలుకుటలో దోషము లేదు. మట్టికి మనసు లేదు. పనిని గూర్చి పలుకుటలోను దోషము లేదు, సరికదా ఒక దయ కూడ కలదు. ‘నేను చెడగొట్టితిని’ అనక, ‘వాడు చెడగొట్టెను’ అని వేలు చూపక, ‘పాన్ ఔట్ కాలేదు’ అనినచో ఎవరిమీదను తప్పు పడదు. అంగడి పెట్టి నష్టపోయిన మిత్రునితో ఆ మాట అనవచ్చును. ఆయన నొచ్చుకొనడు. ఆ దయయే ఒక్కొక్కప్పుడు తప్పించుకొనుటకు దారియు నగును. కర్త లేని వాక్యములు గుమాస్తాలకు బాగుగా తెలియును. అట్టి వాక్యముల చాటున ఎందరు పెద్దమనుష్యులు క్షేమముగా పింఛను పుచ్చుకొనిరో మేము చెప్పనక్కరలేదు.

చిక్కు వచ్చునది మనుష్యుని గూర్చి ఆ మాట పలికినపుడు. మేము పనిచేసిన కార్యాలయములలో ఒకదానియందు, కొత్తగా చేరిన యువకుని గూర్చి పై అధికారి వ్రాసిన రహస్య నివేదికకు నకలు తీయవలసి వచ్చినది. ‘ఈ మనిషి పాన్ ఔట్ కాలేదు’ అను నర్థమిచ్చు ఒక్క వాక్యము అందున్నది. ఏ పని ఇచ్చిరి, ఎన్నాళ్లు చూచిరి, ఎవరు నేర్పిరి, ఏమియు లేదు. ఆ వాక్యమును టైపు కొట్టుచుండగా మాకు తోచిన దేమనగా, ఇందులో కడుగువాడు ఎవడో, పళ్లెము ఎట్టిదో లేదు, కడుగబడిన మట్టి మాత్రమే యున్నది. మొదట గనివాని నోట ‘పాన్ ఔట్’ అనునది మట్టికి చెప్పిన మాట. కడుగువాడు మనిషి. ఇప్పుడు మనిషియే మట్టి యైనాడు.

ఇట్లనినంత మాత్రమున ఆంగ్లభాషను తూలనాడి మన భాషను నెత్తికెత్తుకొనుట మా యుద్దేశము కాదు. మన యిండ్లలో ‘ప్రయోజకుడు’ అను మాట కలదు. ఎంత తియ్యగా పలికినను, మరియొకరికి ప్రయోజనపడువాడనియే దాని యర్థము. పదిమంది కూర్చున్నచోట ‘మా పెద్దవాడు ప్రయోజకుడైనాడు, చిన్నవాడే’ అని తండ్రి ఆగినచో, ఆ ఆగిన చోట చిన్నవాని బ్రదుకంతయు పొర్లిపోవును. పళ్లెము ఇనుముతోనే చేయనక్కరలేదు.

కనుక మా ప్రశ్న ఇది. ఒక మనుష్యుడు ఫలించెను, ఫలింపలేదు అని తీర్పు చెప్పుటకు మనకు అధికారము కలదా? భగవద్గీత తెలిసినవారు, ఫలమును గోరక కర్మ చేయుమని శ్రీకృష్ణుడు చెప్పియే యున్నాడు గదా, ఈ చర్చ ఎందులకు అనవచ్చును. ఆ బోధ పనిచేయువానికి చెప్పినది. ఇతరుని పనిని కొలుచువాడు ఎట్లు ప్రవర్తింపవలెనను ప్రశ్నకు అందు తిన్నని సమాధానము మాకు కనబడలేదు. లోకములో పనిచేయువారికంటె కొలుచువారే యెక్కువ.

ఈ విషయమున శాస్త్రములకంటె మన గనుల చరిత్రయే మాకు ఎక్కువ నేర్పినది. న్యూజీలండు యుద్ధములలో సైనికుడుగా నుండి, తరువాత బెంగుళూరులో స్థిరపడిన లావెల్ అను ఐరిష్ దొర, 1871లో వారెన్ పాత నివేదికను చదివి ఎడ్లబండిమీద ఇక్కడకు వచ్చెను. 1875లో మైసూరు ప్రభుత్వము నుండి అనుమతి సంపాదించి తవ్వించెను. చేతిలోని ధనము చాలక, రెండు మూడేండ్లలోనే తన హక్కును ఇతరులకు ఇచ్చివేసెను. ఆ నాటి పళ్లెముతో చూచినచో లావెల్ పాన్ ఔట్ కాలేదు. అనంతరము 1880లో జాన్ టేలరు కంపెనీవారు వచ్చిరి. వారి మైసూరు గనియు మూలధనము చాలవరకు హరించి మూతపడు స్థితికి వచ్చినది. అప్పుడు ప్లమ్మరు అను గని కెప్టెను, పూర్వకాలపు మనవారు తవ్వి విడిచిన గుంతల క్రిందికి పోయి, చాంపియన్ లోడు అను గొప్ప బంగారు చారికను పట్టెను. పూర్వులు విడిచిన చోటనే, ఇంకను క్రిందుగా, అది యున్నది. తరువాత అక్కడ మూడు కిలోమీటర్లకు మించిన లోతు వరకు మనుష్యులు దిగిరి. నూట యిరువది యేండ్లలో దాదాపు 800 టన్నుల బంగారము పైకి వచ్చినది.

ఇంతకంటె మంచి సాక్ష్యము సైనైడు దిబ్బలది. మొదట్లో రాతిని పిండి చేసి, పాదరసము పూసిన రేకులమీద పారించి బంగారమును పట్టెడివారు. పాదరసమునకు చిక్కనిది మట్టియని కుప్పపోసిరి. 1887లో స్కాట్లండు గ్లాస్గో నగరమున మకార్థరు, ఫారెస్టు సోదరులు సైనైడు నీళ్లతో బంగారమును కరగించు విధమును కనిపెట్టిరి. ఆ పద్ధతి ఇక్కడకు రాగానే, మట్టియని పారవేసిన దానిలోనుండియే మరల బంగారము వచ్చినది. దానికిని చిక్కనిది ఇప్పుడు మన యూరి చుట్టు తెల్లని కొండలై నిలిచియున్నది. 13 దిబ్బలు, సుమారు 33 మిలియను టన్నులు. టన్నుకు ఒక గ్రామునకు లోపుగా అందులోను బంగారము కలదని లెక్క. వానిని మరల కడుగుటకు కేంద్రము పంపిన ప్రతిపాదనకు 2024లో కర్ణాటక మంత్రివర్గము సమ్మతించినది. మట్టి మారలేదు. మారినది పళ్లెము, బంగారపు ధర. అట్లయినపుడు ‘ఇందులో ఏమియు లేదు’ అను మాట మట్టిని గూర్చి చెప్పినదా, పళ్లెమును గూర్చి చెప్పినదా?

ఇందుకు ఎదురు వాదము కలదు, అది బలమైనది. ఆశకు అంతులేదని గనిని నడుపుచునే యుండగలమా? తొలినాళ్లలో టన్ను రాతికి నలువది గ్రాములకు మించి వచ్చిన బంగారము, తుది రోజులలో మూడు గ్రాములకు దిగినది. అంత లోతున రాతి వేడికి, రాతి ప్రేలుడులకు మనుష్యులను అప్పగించి, ఆ మూడు గ్రాములు తెచ్చుట న్యాయమా అని అడిగినవారు దుర్మార్గులు కారు. ఎక్కడనో ఒకచోట ‘చాలు’ అనవలసినదే. పరీక్ష లేనిదే పంపకము లేదు, తీర్పు లేనిదే సంసారము లేదు. పిల్లకు సంబంధము చూచు తండ్రి సృష్టి చివర వరకు వేచియుండడు. ఈ వాదమును మేము ఒప్పుకొందుము. గనిని గూర్చి తీర్పు చెప్పవచ్చును, చెప్పవలసినదే. 2001 ఫిబ్రవరి 28న గని మూతపడుట తప్పా ఒప్పా యనునది వేరు చర్చ. దానిలోనికి మేము దిగము.

మేము ఒప్పుకొనలేనిది, గనిమీది తీర్పు గనిలో పనిచేసినవారిమీదికి జారుట. ఆ దినమున 3,000కు పైగా కార్మికులు పనిలేనివారైరి. అందు తమిళులు హెచ్చు. చిత్తూరు సీమ నుండి పూర్వము వచ్చిన మన తెలుగువారును కలరు. అట్టివారిలో ఒకరిని మేమెరుగుదుము. భూగర్భములో ఇరువదియేండ్లకు పైగా పనిచేసినవాడు. తలపైనున్న రాతిని ఇనుప కడ్డీతో తట్టి, మ్రోత వినియే, అది నిలుచునో కూలునో చెప్పెడివాడు. గణగణమనినచో గట్టిరాయి, డొల్లుమనినచో విడివడిన రాయి. ఆ చెవి మీద ఆధారపడి ఎందరో సాయంకాలము ఇల్లు చేరుకొనిరి. గని మూతపడిన పిదప బెంగుళూరులో ఒక మేడకు కావలివాడుగా చేరెను. ఒక పెండ్లిలో, చదువుకొన్న యువకుడొకడు వానిని దూరము నుండి చూపి, ఆంగ్లములో, ‘పాపము, ఆయన బ్రదుకు పాన్ ఔట్ కాలేదు’ అనెను. ద్వేషముతో అనలేదు, జాలితోనే అనెను. ఆ పెద్దమనిషికి ఆంగ్లము వచ్చును. వినియు విననట్లు ఆకు వక్క వేసికొనెను.

బెంగుళూరు మేడలో ఏ రాయి తట్టవలెను? ఆ చెవికి తగిన పళ్లెము ఆ నగరములో లేదు. ఉన్నది లేనట్లే కడుగబడి పోయినది. ఇట్టిచోట ‘ఏమి మిగిలినది’ అని అడుగుటకంటె ‘దేనితో కడిగితిరి’ అని అడుగుట న్యాయమని మా అభిప్రాయము. పిల్లలకు చెప్పినచో నవ్వుదురు. తాతగారు మాటలు పట్టుకొని వ్రేలాడుదురందురు. వ్రేలాడవలసినదే. మాట తేలికగా వచ్చినపుడు తీర్పును తేలికగా వచ్చును.

ఆ యువకుని నోట తెలుగు మాటయే వచ్చియుండిన ఏమనెడివాడా యని మేము కొంత ఆలోచించితిమి. ‘అక్కరకు రాలేదు’ అనినను అంతే. ‘కలిసిరాలేదు’ అనినచో నేరము కాలముమీదికి పోవును. మన ముసలమ్మలు ఎక్కువగా వాడునది ఈ మాటయే. గని మూతపడిన యేడు మా వీధిలో ఏ యింటికి పరామర్శకు పోయినను అదే మాట వినబడెడిది. నష్టమును దాచదు, మనిషిని పారబోయదు. దీనిని ఆంగ్లములో చెప్పుమని ఒకనాడు మా మనుమరాలు మమ్ము అడిగినది. చాలసేపు ప్రయత్నించి, పాత నిఘంటువును తిరగవేసి, తుదకు నాలుగు మాటల వాక్యము చెప్పితిమి. ‘అంత పొడవుగా ఫోనులో ఎవరు టైపు చేయుదురు తాతయ్యా’ యని, తెలుగు మాటనే ఆంగ్లలిపిలో కొట్టి తన స్నేహితురాలికి పంపినది.